హంస గూటి ముందు పాలగిన్నె

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయిని వెంటబెట్టుకుని చెరువుల పార్కుకు వెళ్ళాను. కారు దిగగానే వాసన ముక్కుకు తగిలింది. రాత్రి వానకు నానిన జామాయిల్ ఆకుల వాసన, జమ్ము కుళ్ళిన బురద వాసన, వాటి మీదుగా ఏ పొంతనా లేకుండా పులిసిన పులిహోర వాసన. ఎవరో మిగిలిపోయిన పులిహోరను తెచ్చి ఒడ్డున రాళ్ళ సందుల్లో కుమ్మరించి పోయారు. పసుపు నీళ్ళలోకి దిగి నూనె తెట్టు కట్టింది, వేరుశనగపప్పులు ఉబ్బి తేలుతున్నాయి. పక్కనే పక్షులకు తిండి వేయవద్దని ఇంతేసి అక్షరాలతో బోర్డు ఉంది. పోసినవాళ్ళెవరో నాకు తెలియదు కానీ, చేతులు దులుపుకుని కారెక్కేటప్పుడు వాళ్ళేమనుకుని ఉంటారో మాత్రం బాగా తెలుసు. మూగజీవాల కడుపు నింపాం, పుణ్యం వస్తుందనుకుని ఉంటారు. ఈ పుణ్యం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో నాన్న అమ్మనూ నన్నూ సిడ్నీకి తీసుకొచ్చాడు. కొల్లేటి ఒడ్డున, కైకలూరు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, కంప్యూటరు ఉద్యోగం పట్టుకుని ఇంత దూరం వచ్చి తేలాడు. బ్లాక్‌టౌన్‌కూ రౌస్ హిల్‌కూ మధ్య అప్పుడప్పుడే లేస్తున్న కాలనీలో మాకు అద్దె ఇల్లు దొరికింది. ఇప్పటిలా మెట్రో లేదు, ఎటు చూసినా తవ్విపోసిన మట్టి, సగం లేచిన చెక్క గోడలు, గుర్రాలు మేసే బీళ్ళు. బస్సు కోసం ఎండలో నిలబడితే ఈగలు ముక్కులోకీ చెవుల్లోకీ దూరేవి. బళ్ళో నా పేరును ఎవరికి తోచినట్టు వాళ్ళు విరిచి పిలిచేవాళ్ళు, కొన్నాళ్ళకు విరవడం కూడా మానేసి పిలవడమే వదిలేశారు. మధ్యాహ్నం బెల్లు కొడితే అందరూ గుంపులు గుంపులుగా గడ్డి మీద కూలబడేవాళ్ళు, నేను లైబ్రరీలోకి పోయేదాన్ని. అక్కడ పిట్టల బొమ్మలున్న లావాటి పుస్తకం ఒకటి ఉండేది. మనుషులు మాట్లాడని రోజుల్లో నాకు పిట్టలతో అలా పరిచయమైంది. అందుకు ఆ బడికి నేనేమీ రుణపడి లేను.

మా వీధి చివర రోడ్డు దాటితే పార్కు. ముందు జామాయిల్ అడవి, బెరడు పేలికలు పేలికలుగా ఊడి వేలాడే చెట్లు, కాళ్ళకింద ఎండాకుల గరగర. అది దాటితే సరుగుడు చెట్లు, మన బాపట్ల ఒడ్డున ఉండే సరుగుళ్ళకు చుట్టాలే, గాలి వీస్తే అదే ఈల. వాటి కింద నిలబడితే జమ్మూ తుంగా అల్లుకున్న చెరువులు కనిపించేవి. నాన్న ఎవరి ఇంటి ముందో పాత సామాన్లు అమ్ముతుంటే కొని తెచ్చిన బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, శనాదివారాలు తెల్లవారేసరికి అక్కడ ఉండేదాన్ని. ఒక కంటి అద్దం మీద గీత ఉండేది, నేను చూసిన ప్రతి పిట్టకూ ఆ గీత అడ్డం పడేది. నీలం రంగు ఒంటి మీద ఎర్రటి ముక్కుతో బురదలో పెళ్ళినడక నడిచే నీలి బొల్లికోళ్ళు, నుదుట నామం పెట్టుకున్న నామాలకోళ్ళు, పడవల్లా దిగే గూడబాతులు, అడవి లోపల పొట్ట చెక్కలయ్యేలా నవ్వే కూకబర్రాలు, అరచేతిలో పట్టేంత నీలి పిట్టలు. కొన్నింటికి పుస్తకంలో పేర్లు దొరికాయి, కొన్నింటికి కొల్లేటి పేర్లే ఖాయం చేశాను.

ఇక్కడ రుతువులన్నీ తలకిందులు. ఉగాదికి ఆకు రాలేది, వేపపువ్వు కోసం అమ్మ హారిస్ పార్కు అనే పేటలో మనవాళ్ళ దుకాణాల్లో ఎండు పొట్లాలు వెతికేది. దీపావళికి ఊదా రంగు జకరండాలు వీధంతా పూసేవి, ఎనిమిదింటిదాకా వెలుగే ఉంటే దీపాలు ఎవరికి కనపడతాయని అమ్మ విసుక్కునేది. ఆ రోజుల్లోనే మ్యాగ్‌పైలనే నలుపు తెలుపు పిట్టలు గూళ్ళు పెట్టేవి. చెట్టు కింద నుంచి పోయేవాళ్ళ నెత్తిన టపీమని పొడిచేవి, మా వీధి పిల్లలు ఐస్‌క్రీమ్ డబ్బాలు తలమీద బోర్లించుకుని సైకిళ్ళు తొక్కేవాళ్ళు. మన కార్తీకం అంటే ఇక్కడి పిట్టలకు పురుళ్ళ కాలం. నాకు పధ్నాలుగేళ్ళకే తెలిసిన ఈ ముక్క, ఎమ్మెస్సీలూ ఎంటెక్‌లూ చదివొచ్చిన పెద్దవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

మేం వచ్చిన రెండో ఏడు మామ్మ వచ్చింది, నాన్న వాళ్ళ అమ్మ. విజిటర్ వీసా మీద కొన్ని నెలలు ఉండి పోదామని వచ్చి, దిగిన రోజునుంచే పోయే రోజు కోసం చూడటం మొదలుపెట్టింది. నేతచీర మీద నాన్న పాత స్వెట్టరు, కాళ్ళకు సాక్సులు, వాటి మీద హవాయి చెప్పులు. వక్కపలుకుల డబ్బా ఎయిర్‌పోర్టులో లాగేసుకున్నారని నెల్లాళ్ళు తిట్టింది. పొద్దున్నే నాన్న, అమ్మ పనులకూ నేను బడికీ పోతే, తలుపులు బిగించిన ఇంట్లో సాయంత్రం దాకా ఒక్కతే కూర్చునేది. కిటికీలోంచి చూస్తే వీధిలో మనిషి పొడ లేదు, ఇక్కడ మనుషులుంటారా ఊరికే ఇళ్ళు కట్టి పెట్టుకున్నారా అని అడిగేది. ఒక శనివారం తెల్లవారుజామున నేను బూట్లు వేసుకుంటుంటే, నేనూ వస్తానంది. ఆ రోజునుంచి మా ఇద్దరికీ పార్కు అలవాటైంది. బైనాక్యులర్స్ ఇస్తే వద్దనేది, అరచేయి కంటికి అడ్డం పెట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు చూసి, కొల్లేటిలో కిక్కిసగడ్డి ఇంతకు రెండింతలు ఎత్తు ఉంటుందని చెప్పి, సరుగుడు చెట్టు కింది బల్ల మీద కూర్చునేది. ఇంట్లో నోరు మెదపని మనిషి అక్కడ గంటలు గంటలు మాట్లాడేది.

వానలు బాగా పడిన ఏడాది అది. వినాయక చవితి వెళ్ళాక కొన్నాళ్ళకు మా బల్లకు ఎదురుగా, అవతలి ఒడ్డుకు దగ్గరలో ఉన్న చిన్న మట్టిదిబ్బ మీద నల్ల హంసల జంట ఒకటి గూడు వేసింది. ముక్కు కుంకుమ రంగు, ఒళ్ళంతా బొగ్గు, రెక్క విప్పితే మాత్రం అంచున తెల్లటి ఈకలు. మగదీ ఆడదీ వంతులేసుకుని జమ్ము పీకి పోగేశాయి, ఆ పోగు మధ్యన నాలుగో ఐదో గుడ్లు పెట్టాయి, మళ్ళీ వంతులేసుకునే పొదిగాయి. హంస తెల్లగా ఉంటుందని పెద్దలు చెప్పగా విన్న మామ్మకు మొదటి రోజు ఇది నచ్చలేదు, ఎండకు కమిలిందేమో అంది. మూడో రోజుకల్లా తన సొంత కోడిపెట్టకన్నా ఎక్కువైపోయింది. మగ హంస గూట్లో కూర్చోవడం చూసి, మీ తాతకు ఇది చూపించాల్సిందని నవ్వింది.

మామ్మ జీవితమంతా కోళ్ళు పెంచిన మనిషి. పొదుగు కోడి గంపను చీకటి మూలన పెట్టి, ఆ వైపు పిల్లల్ని పోనిచ్చేది కాదట. బయటివాళ్ళ కన్ను పడితే గుడ్డు మురుగుతుందని, ఉరిమితే మురుగుతుందని గంపలో ఇనుప ముక్కా బొగ్గూ వేసేవాళ్ళట. ఒక సాయంత్రం సిడ్నీ నెత్తిన పిడుగులు పడుతుంటే ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మర్నాడు నాన్న పెట్టెలోంచి పెద్ద మేకు ఒకటి తీసి గుడ్డలో చుట్టి తెచ్చింది. గూటి దగ్గరకు పోవద్దని నేను గట్టిగా చెబితే, నేనెందుకు పోతాను అని నన్నే కసిరి, బల్ల కింద మట్టి తవ్వి మేకు పాతింది. ఇంత దూరంనుంచి పనిచేస్తుందా అని వెక్కిరించాను. పనిచెయ్యకపోయినా ఫరవాలేదు, దగ్గరికి మాత్రం పోకూడదంది. తర్వాత ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తుంది.

"గుడ్ల మీద కూకున్నదానికి మనం చేసే సాయం ఒకటేనమ్మడూ. దాని జోలికి పోకుండా ఉండటమే."

కోడి లెక్కన మూడు వారాల్లో పిల్లలు బయటికి రావాలి. మూడు వారాలు దాటిపోయాయి, హంస అలాగే కూర్చుని ఉంది. మామ్మకు బెంగ పట్టుకుంది, గుడ్లు మురిగిపోయాయి, వెర్రిది తెలియక కూర్చుందని బల్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకునేది. నేను లైబ్రరీ పుస్తకం తిరగేసి, హంసకు అంతకు దాదాపు రెట్టింపు రోజులు పడుతుందని చెబితే ముందు నమ్మలేదు, తర్వాత ఊపిరి పీల్చుకుంది, ఆ వెంటనే మొహం చిన్నబుచ్చుకుంది. ఆమె తిరుగు టికెట్టు దీపావళి వెళ్ళిన మూడో రోజుకే ఉంది. పిల్లలు బయటికి వచ్చేసరికి ఆమె ఇక్కడ ఉండదు. ఆ రాక రాక వచ్చిన దేశంలో ఆమె మనసు పెట్టుకున్నది ఆ గూడు ఒక్కదాని మీదే, అదీ దక్కేలా లేదు. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు సాయంత్రం నాన్న కాఫీ తాగుతుండగా, కార్తీకం ఇక్కడే చేసుకుని పోతాను, టికెట్టు మార్చరా అంది. హంస సంగతి చెబితే కొడుకు నవ్వుతాడని ఆమె భయం.

నాన్న నవ్వలేదు, పొంగిపోయాడు. వచ్చినప్పటినుంచీ ఎప్పుడు పోదామా అని ఏడ్చే తల్లి ఉంటానంది, అది చాలు ఆయనకు. టికెట్టు మార్చడంతో ఆగి ఉంటే ఈ కథే లేదు. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఒక సంఘం ఉండేది, ఏటా వనభోజనాలు పెట్టేవాళ్ళు, నాన్న అందులో కమిటీ మెంబరు. తల్లికి ఇష్టమైన చోటే పెడదామని, ఆమెకు ముందుగా చెప్పకుండా సంతోషపెడదామని, ఆ ఏడు వనభోజనాలు మా పార్కులో ఖాయం చేయించాడు. హంసలున్న చెరువొడ్డున కార్తీక వనభోజనాలు అని అందరికీ ఈమెయిలు పంపాడు. సంఘం ప్రెసిడెంటు మూర్తి అంకుల్ ఆ హంసల మాట పట్టుకున్నాడు. అంకుల్‌కు బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మైకు దొరికితే భారతం నుంచి భాగవతం దాకా ఆగని నోరు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే పట్టుదల.

ఇంట్లో నేను చేసిన గొడవ ఇంతా అంతా కాదు. అక్కడ గూడుంది, పొదుగుతోంది, అక్కడ వద్దు అని ఏడ్చాను, రెండు పూటలు అన్నం మానేశాను. నాన్న బుజ్జగించాడు. మనం కూర్చునే చోటు చెరువుకు ఈ వైపు, గూడు ఆ వైపు, వచ్చేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఎవరూ అల్లరి చేయరు అన్నాడు. అమ్మ వంటల పంపకం ఫోన్లలో తలమునకలుగా ఉంది.  మామ్మ విషయం విని, ఇంకో వారం ఆగకూడదురా అని మాత్రం అడిగింది. పార్కు బుక్ అయిపోయిందని నాన్న చెప్పాడు.

ఆ ఆదివారం ఎండ ఫెళ్ళున కాసింది. వనభోజనానికి ఉసిరిచెట్టు ఉండాలి, సిడ్నీలో ఉసిరిచెట్టు ఎక్కడ తెస్తారు? హారిస్ పార్కునుంచి గడ్డకట్టించిన ఉసిరికాయల ప్యాకెట్టు తెచ్చి, దారంతో సరుగుడు కొమ్మకు కట్టి, దానికి పసుపూ కుంకుమా పెట్టారు. ఎండకు అది కరిగి పూజ చేస్తున్నవాళ్ళ నెత్తిన బొట్లు బొట్లుగా కారింది. అప్పటికి నేనూ నవ్వాను. అల్యూమినియం ట్రేల నిండా పులిహోర, దద్దోజనం, అల్లం గారెలు, గుమ్మడికాయ పులుసు, గోంగూర పచ్చడి, చక్కెర పొంగలి, ఒక్కో ఆంటీ మూత తీస్తుంటే ఒక్కో వాసన జామాయిల్ గాలిలో కలిసేది. మగపిల్లలు చెత్తడబ్బా వికెట్టుగా క్రికెట్ ఆడారు, ఆడపిల్లలకు ముగ్గుల పోటీ, ఆంటీలకు అంత్యాక్షరి, కారు బ్యాటరీకి కలిపిన స్పీకర్లో భక్తి పాటలు. ఐబిస్ కొంగలు వంకర ముక్కులతో ట్రేల చుట్టూ తిరుగుతుంటే పిల్లలు గారెలు విసిరారు, పెద్దవాళ్ళు మురిసిపోయి ఫోటోలు తీశారు. ఆ కొంగలు చెత్తబుట్టల దగ్గర బతికే రకం, వాటికి తిండి దొరికితే మంద పెరుగుతుంది, మిగతా పిట్టలకు చోటు ఉండదు. నేను వెళ్ళి బోర్డు చూపిస్తే ఒక ఆంటీ నా బుగ్గ గిల్లి, అన్నం పెట్టడం తప్పా నాన్నా అంది. ఆ బోర్డు చదవడం రానిది అక్కడ మామ్మ ఒక్కతే, ఆమె ఒక్కతే వాటికి ఏమీ వేయలేదు.

భోజనాలకు ముందు మూర్తి అంకుల్ మైకు తీసుకున్నాడు. కార్తీక మహాత్మ్యం అయింది, వనభోజనం ఎందుకో అయింది, అటునుంచి సరస్వతీదేవి వాహనం దగ్గరకు వచ్చాడు.

"పిల్లలూ, లిజన్. హంస ముందు మిల్క్‌లో వాటర్ కలిపి పెడితే, ఓన్లీ మిల్క్ తాగి వాటర్ వదిలేస్తుంది. మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఇవాళ మీకు లైవ్‌లో చూపిస్తాను."

టీ కోసం తెచ్చిన పాలు స్టీలు గిన్నెలో పోసి సీసా నీళ్ళు కలిపాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. వెనక వీడియో కెమెరాతో ఒక అంకుల్, ఆ వెనక పిల్లలు, ఆ వెనక పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోవాలన్న వంకతో పెద్దలు, పెళ్ళివారు ఎదుర్కోలుకు బయల్దేరినట్టు చెరువు చుట్టూ తిరిగి గూటి వైపు నడిచారు. నేను పరుగెత్తి అంకుల్ ముందు నిలబడి, గుడ్లున్నాయి అంకుల్, పోవద్దు అన్నాను. భుజం మీద చెయ్యేసి పక్కకు జరిపాడు. నాన్న వైపు చూశాను. నాన్నకు మామ్మ మాట తెలుసు, నా ఏడుపు తెలుసు, అక్కడ గట్టిగా ఒక్క కేక వేయగల మనిషి ఆయనొక్కడే.

"మూర్తిగారూ, వద్దులెండి," అన్నాడు నాన్న.

అంతే. విందు దగ్గర రెండో గారె వద్దన్నట్టు అన్నాడు. ఆ మెత్తటి గొంతు మీద నాకు ఇప్పటికీ కోపమే. నాన్న మంచివాడు, ఎవరి మనసూ నొప్పించడు, ఆ మంచితనం ఆ రోజు దేనికీ పనికిరాలేదు.

మగ హంస మెడ చాచి బుస కొడుతూ, తెల్ల అంచుల రెక్కలు విప్పి నీళ్ళ మీద అంకుల్‌కు అడ్డం వచ్చింది. ఒడ్డున అందరూ నవ్వారు. అంకుల్ మెడలో కండువా తీసి దాని మొహం మీద విదిలించాడు, పిల్లలు దాన్ని మచ్చిక చేద్దామని పులిహోర ముద్దలూ బ్రెడ్డు ముక్కలూ విసిరారు. గూట్లో ఉన్నది చివరిదాకా కదల్లేదు. మనిషి నీడ మీద పడ్డాక లేచింది, గుడ్ల మీదినుంచి ఒక అడుగు వెనక్కి వేసింది, జారి నీళ్ళలోకి దిగింది. అంకుల్ గిన్నెను గూటి అంచున, గుడ్ల పక్కన పెట్టి వచ్చి, ఇప్పుడు చూడండన్నాడు. చూడటానికేముంది? రెండు హంసలూ చెరువు నడిమధ్యకు పోయి ఆగిపోయాయి. ఇంతమంది ఒడ్డున నిలబడి ఉంటే తిరిగి రావు. ఇంకొంచెం ఆగుదాం, ఇంకొంచెం ఆగుదాం అని మేళం అక్కడే నిలబడింది, స్పీకర్లో పాటలు సాగుతూనే ఉన్నాయి, కెమెరా హంసల వైపే తిరిగి ఉంది.

కాకులు మరోవైపునుంచి వచ్చాయి. ఇక్కడి కాకులు మన కాకులకన్నా పెద్దవి, పసిపిల్లల ఏడుపులా దీర్ఘం తీసి అరుస్తాయి, ఆ రోజు మాత్రం చప్పుడు చేయకుండా గూట్లో దిగాయి. ముందు చూసింది ఒక చిన్నపిల్లాడు, "అంకుల్, ది బర్డ్ ఈజ్ ఈటింగ్ ఇట్," అన్నాడు. పాలు తాగుతోందని అందరూ గబగబా అటు తిరిగారు. నేను అరుస్తూ నీళ్ళలోకి దూకి దిబ్బ ఎక్కేసరికి కాకులు లేచిపోయాయి. ఒక్క గుడ్డూ మిగల్లేదు. పగిలిన పెంకులో హంసపిల్ల ఉంది, బూడిద రంగు నూగుతో, ముక్కుతో, కాళ్ళతో పూర్తిగా తయారైన పిల్ల. ఇంకో నాలుగు రోజులు ఆగితే బయటికి వచ్చి ఉండేది. నా వెనకే వచ్చిన మూర్తి అంకుల్ కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి. కాకుల తొక్కిసలాటలో అది ఒరిగి పాలు కారిపోయాయి, చెరువు నీళ్ళు లోపలికి వచ్చాయి. ఆయన దాన్ని పైకెత్తి, పాలు లేవు, నీళ్ళే మిగిలాయి అని ఒడ్డుకు చూపించాడు. ఒడ్డున చప్పట్లు మోగాయి.

నేను తడిసిన బట్టలతో వెనక్కి వచ్చేసరికి చాపలు పరిచి అరిటాకులు వేస్తున్నారు. పెద్దవాళ్ళ వరసలో మొదటి ఆకు మామ్మదే. ఆమె బల్ల దగ్గర నిలబడి అంతా చూసింది, అరచేయి కంటికి అడ్డం పెట్టుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. నా చేతిలో పెంకు ముక్క తీసుకుని, లోపలి తడిని వేలితో తాకి, కొంగులో మూట కట్టుకుంది. పిలిస్తే వచ్చి కూర్చుంది. పులిహోర వడ్డించారు, గారె వేశారు, పొంగలి వేశారు, పప్పు మీద నెయ్యి వేశారు, మూర్తి అంకుల్ గోవిందా కొట్టించాడు. అందరూ కలుపుకుంటుండగా మామ్మ ఒక్క మెతుకు ముట్టకుండా, నిండు విస్తరిని రెండు చేతులా పట్టుకుని, తన నుంచి అవతలికి మడిచింది. మన ఇళ్ళలో శుభకార్యానికి ఆకు తన వైపు మడుస్తారు, చావు భోజనం అయ్యాక అవతలికి మడుస్తారు. ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అదేంటండీ మామ్మగారూ, నలుగురం శుభమా అని తింటుంటే అశుభంగా," అన్నాడు మూర్తి అంకుల్.

"అశుభం ఇందాకే అయిపోయింది బాబూ. మీరు చప్పట్లు కొడుతున్నారు, వినబళ్ళేదు," అంది మామ్మ.

లేచి, చెయ్యి కడుక్కోవాల్సిన పని లేదు కనుక తిన్నగా కారు దగ్గరకు నడిచింది. ఆ తర్వాత నెల్లాళ్ళు మా ఇంటికి వచ్చిన ఫోన్లన్నీ ఆ విస్తరి గురించే. కార్తీక మాసంలో ఎంత అపశకునం, పెద్దావిడకు మతి సరిగ్గా లేదేమో, పుణ్యానికి పోతే పాపం ఎదురైంది అని మూర్తి అంకుల్ అందరితో అన్నాడట. గుడ్ల గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాన్న కమిటీనుంచి తప్పుకున్నాడు కానీ ఎందుకో ఎవరికీ చెప్పలేదు, పని ఒత్తిడి అన్నాడు. హంస మర్నాడు వచ్చి ఖాళీ గూట్లో కూర్చుంది. బడికి పోయేముందు రోజూ చూసేదాన్ని, పుల్లలు సర్దుకుంటూ, ఏమీ లేని చోట ముక్కుతో తిప్పుకుంటూ ఉండేది. మామ్మ మళ్ళీ పార్కుకు రానంది. టికెట్టును మళ్ళీ ముందుకు జరిపించుకుని వెళ్ళిపోయింది, సిడ్నీకి మళ్ళీ రాలేదు. ఇప్పుడు లేదు.

ఆ దిబ్బా లేదు. జమ్ము కోసేసి, ఫోటోలు తీసుకునేందుకు చెక్క వంతెన వేశారు. మా కాలనీ చుట్టూ బీళ్ళు పోయి ఇళ్ళే ఇళ్ళు లేచాయి, అరచేతిలో పట్టే నీలి పిట్టలు కనపడి చాలా ఏళ్ళయింది, వంకర ముక్కు కొంగలు మాత్రం వందలకొద్దీ తిరుగుతున్నాయి. హంసలు అప్పుడప్పుడూ దిగుతాయి, ఒక పూట ఉండి పోతాయి. మొన్న నా వెంట వచ్చిన మా అమ్మాయికి పది నిమిషాలు వెతికినా చూపించడానికి ఒక్క గూడు దొరకలేదు.

పార్కునుంచి తిన్నగా రౌస్ హిల్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. మూర్తి అంకుల్ వచ్చాడు, జుట్టంతా నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది. భోజనాలయ్యాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఈ సిడ్నీలోనే, తన కళ్ళముందే, నల్ల హంస పాలు తాగి నీళ్ళు వదిలేసిన కథ చెబుతున్నాడు. ఏటా చెబుతాడని విన్నాను, ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదలు. చెబుతూ చెబుతూ నన్ను చూశాడు.

"ఈ అక్కను అడగండి, షీ వాజ్ దేర్. నువ్వు చూశావు కదమ్మా?"

అందరూ నా వైపు తిరిగారు. నాన్న కూడా ఆ గదిలోనే ఉన్నాడు, చేతిలో ఐస్‌క్రీమ్ కప్పుతో. నా మొహం చూసి ఆయన మెల్లగా తల అడ్డంగా ఊపాడు, వద్దులే అన్నట్టు.

"చూశాను అంకుల్. అది పాలు తాగలేదు. గుడ్లు వదిలేసి పోయింది," అన్నాను.

 అంకుల్ నవ్వబోయి ఆగాడు. పిల్లల్లోంచి మా అమ్మాయి అడిగింది, "వాట్ హ్యాపెన్డ్ టు ది ఎగ్స్, అమ్మా?"

చెప్పాను. కాకులు, పెంకులో ఉన్న పిల్ల, చప్పట్లు, మామ్మ మడిచిన ఆకు, ఏదీ దాచకుండా, పిల్లలందరికీ అర్థమయ్యేలా నిదానంగా తెలుగులోనే చెప్పాను. అయ్యేదాకా మూర్తి అంకుల్ అక్కడే కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్ళబోతే, కూర్చోండి అంకుల్, ఇంకా అవలేదు అన్నాను.